వేకో ఎముకల నుంచి గాల్వెస్టన్ పంటు దాకా: పిల్లలతో, నానమ్మతో స్ప్రింగ్ బ్రేక్

మార్చి రెండో వారం వచ్చేసరికి డల్లాస్ చుట్టుపక్కల చాలా బళ్ళు వారం పాటు మూసేస్తారు. మన స్నేహితుల్లో సగం మంది ఫ్లోరిడాకి విమానం టికెట్లు కొనేస్తారు, మిగతా సగం ఓడ ఎక్కుతారు. మేం కారు తీశాం. మాకు ఇద్దరు. పెద్దది నాలుగో తరగతి, చిన్నోడు ఒకటి. ఈసారి అమలాపురం నుంచి అత్తయ్య గారు కూడా ఉన్నారు. "అక్కడ ఒంటిపూట బడులు మొదలయ్యే రోజులమ్మా, ఇక్కడ అసలు బడే లేదంటావేంటి!" అని బయల్దేరేదాకా అంటూనే ఉన్నారు.

ప్రయాణానికి ముందు నేనూ మా ఆయనా ఒక మాట అనుకున్నాం. రోజుకి ఒక్కటే పెద్ద చోటు. అదీ, పిల్లలు అద్దం అవతల నుంచి చూసి వచ్చేసేది కాకుండా, వాళ్ళ చేతులకి ఏదో ఒక పని దొరికేది. చూడమంటే మా వాళ్ళు పావుగంట చూస్తారు. పని చెప్తే పూటంతా చేస్తారు.

శనివారం: ఇర్వింగ్ నుంచి వేకో, ఆ పైన రౌండ్ రాక్

తెల్లవారుజామునే పులిహోర కలిపి, ఎలక్ట్రిక్ కుక్కరూ ఆవకాయ సీసా డిక్కీలో సర్దేసరికి ఎనిమిదయింది. ఐ-35 మీద దక్షిణానికి గంటన్నర దూరంలో వేకో. ఆ ఊరి పేరు చెప్తే చాలామంది టీవీలో ఇళ్ళు బాగుచేసే దంపతుల కొట్టు గుర్తుచేస్తారు. పిల్లలున్నవాళ్ళు అక్కడ ఆగక్కర్లేదు, నేరుగా మామత్ నేషనల్ మాన్యుమెంటుకి వెళ్ళిపోవచ్చు.

1978లో ఇద్దరు కుర్రాళ్ళు ఈ వాగు పక్కన బాణపు మొనలు, శిలాజాలు వెతుక్కుంటూ తిరుగుతుంటే పెద్ద ఎముక ఒకటి కనబడింది. తీసుకెళ్ళి బేలర్ యూనివర్సిటీ మ్యూజియంలో చూపించారు. అక్కడివాళ్ళు తవ్వడం మొదలుపెడితే ఒకదాని పక్కన ఒకటిగా కొలంబియన్ మామత్‌లు బయటపడ్డాయి, తల్లులూ పిల్లలూ ఉన్న మంద మొత్తం. భుజం దగ్గర 14 అడుగుల ఎత్తు దాకా పెరిగిన, ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగు జాతి అది. కొన్నిటి ఎముకల్ని దొరికినచోటే మట్టిలో వదిలేసి, పైన షెడ్డు కట్టి, ఎత్తుగా నడవ వేశారు. 2015లో నేషనల్ మాన్యుమెంటు హోదా వచ్చింది.

రేంజరు చెప్తుండగానే చిన్నోడు చెయ్యెత్తి, "ఇవి నిజం ఎముకలా, ప్లాస్టిక్‌వా?" అని అడిగేశాడు. నిజమైనవేనన్నాక వంగి వంగి చూశాడు. ఆ తర్వాత అసలు పని మొదలైంది. నేషనల్ పార్కుల్లో జూనియర్ రేంజర్ పుస్తకం ఒకటి ఇస్తారు. ఎముకల బొమ్మ గియ్యాలి, దంతాన్ని చూసి ఆ జంతువు ఏం తినేదో రాయాలి, రేంజరుని ఒక ప్రశ్న అడగాలి. చెట్టు కింద బెంచీ మీద ఇద్దరూ తలలు వంచుకుని రాస్తూ కూర్చుంటే మేం ముగ్గురం ప్రశాంతంగా పులిహోర తిన్నాం. పూర్తి చేశాక రేంజరు ఇద్దరి చేతా కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించి బ్యాడ్జీలు ఇచ్చాడు. "మంత్రిగారి ప్రమాణ స్వీకారంలా ఉందిరా!" అన్నారు అత్తయ్య గారు. ఆ బ్యాడ్జీ చొక్కా మీద నుంచి వారమంతా దిగలేదు. రాత్రి పడుకునేటప్పుడు కూడా.

దారిలో టెంపుల్ దగ్గర బకీస్‌లో ఆగాం. పెట్రోలు బంకు కోసం ఆగితే గంట పోయింది. టెక్సస్‌లో 1982లో మొదలైన ఈ బంకుల్లో లారీలకి ప్రవేశం లేదు, బాత్రూములు మాత్రం మెరిసిపోతుంటాయి. పిల్లలతో దూరం వెళ్ళేవాళ్ళకి ఆ రెండో సంగతి ఎంత విలువైందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ వారం ఆస్టిన్‌లో సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవం. ఊరి మధ్యలో హోటల్ ధరలు చూసి గుండె ఆగినంత పనైంది. అందుకే ఊరి బయట రౌండ్ రాక్‌లో దిగాం.

ఆదివారం: ఆస్టిన్

వేసవి వేళల కోసం ఇక్కడ గడియారాల్ని గంట ముందుకి జరిపే ఆదివారం ఇదే. అంటే పిల్లలు లేచేసరికే ఆలస్యం. హోటల్ ఉచిత టిఫినులో టెక్సస్ పటం ఆకారంలో వాఫుల్ వేసుకునే యంత్రం ఉంది. చిన్నోడు ముందు డల్లాస్ ఉన్న మూల కొరికి, తర్వాత హ్యూస్టన్ వైపు తిన్నాడు. ఎల్ పాసో మిగిలిపోయింది, నానమ్మ తిన్నారు.

మధ్యాహ్నం రాష్ట్ర కాపిటల్ భవనం. 1888లో కట్టిన గులాబీ రంగు గ్రానైటు, ఎత్తులో వాషింగ్టన్ కాపిటల్‌ని మించింది. లోపలికి ఉచితం. గుమ్మటం కింద నేల మీద టెక్సస్‌ని ఏలిన ఆరు దేశాల ముద్రలు ఉన్నాయి. పెద్దదానికి వాటిని కనిపెట్టే పని అప్పజెప్పాం. స్పెయిన్, ఫ్రాన్స్, మెక్సికో, టెక్సస్ రిపబ్లిక్, కాన్ఫెడరసీ (అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణ రాష్ట్రాలు), అమెరికా. చిన్నోడికి ముద్రలతో పనిలేదు. సరిగ్గా మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే తిరిగి వినిపిస్తోందని తెలుసుకున్నాక, వాణ్ణి బయటికి తేవడానికి ఐస్‌క్రీమ్ ఆశ చూపించాల్సొచ్చింది. నడినెత్తిన గుమ్మటం లోపల కనిపించే నక్షత్రం అరచేతిలో పట్టేంత ఉంటుంది. నిజానికి అది 8 అడుగులు.

సాయంత్రం కాంగ్రెస్ అవెన్యూ వంతెన మీదకి చేరాం. గబ్బిలాల కోసం. ఈ మాట అత్తయ్య గారితో ముందే చెప్పకపోవడం మంచిదయింది.

"సంధ్యవేళ దీపం పెట్టుకుని కూర్చోవాల్సిన టైములో గబ్బిలాల్ని చూడ్డానికా! ఎవరైనా వింటే నవ్వుతారమ్మాయ్."

"అందరూ అందుకే వచ్చారు అత్తయ్యా, చూడండి."

నిజంగానే వంతెన కాలిబాట పొడుగునా జనం. కింద గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని పిల్లలున్నవాళ్ళు. 1980లో ఈ వంతెనని బాగుచేసినప్పుడు కాంక్రీటు దూలాల మధ్య సన్నని సందులు మిగిలాయి. అవి మెక్సికన్ ఫ్రీ-టెయిల్డ్ గబ్బిలాలకి బాగా సరిపోయాయి. ఏటా మార్చిలో మెక్సికో నుంచి రావడం మొదలవుతుంది, ఎక్కువగా ఆడవే. జూన్‌లో ఒక్కొక్కటీ ఒక్కో పిల్లని కంటుంది. వేసవి ముదిరేసరికి 15 లక్షల దాకా చేరతాయి. మొదట్లో ఊరివాళ్ళు భయపడి వెళ్ళగొట్టాలన్నారు. రాత్రికి టన్నులకొద్దీ పురుగుల్ని తింటాయని తెలిశాక ఊరికి గుర్తుగా పెట్టుకున్నారు. అత్తయ్య గారికి ఈ సంగతి నచ్చింది. "కాన్పుకి వచ్చిన ఆడపిల్లలన్నమాట" అన్నారు, ఆ తర్వాత ఇంక గొణగలేదు.

ఏడున్నర దాటాక సన్నని ధారగా బయటికొచ్చాయి. మార్చి మొదట్లో వచ్చేవి తక్కువ. ఆకాశం నల్లబడిపోయే దృశ్యం కావాలంటే జూలై, ఆగస్టుల్లో రావాలి. మా వాళ్ళకి ఈ కొన్ని చాలు. చిన్నోడు 212 దాకా లెక్కపెట్టి నిద్రమత్తులో మా ఆయన భుజం మీద వాలిపోయాడు.

సోమవారం: భూమి లోపల

ఆస్టిన్ నుంచి శాన్ ఆంటోనియో దారిలో నేచురల్ బ్రిడ్జ్ కేవర్న్స్. 1960లో నలుగురు కాలేజీ విద్యార్థులు కనిపెట్టిన గుహలు. కింద 180 అడుగుల లోతు దాకా ఉంటుంది, ఏడాది పొడుగునా 70 డిగ్రీల ఫారెన్‌హీట్, గాలిలో తేమ అంతా ఇంతా కాదు. నా కళ్ళజోడు మసకబారి సగం గుహ చూడలేదు. దిగేటప్పుడు బాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడే ఆయాసం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని పైనే ఓక్ చెట్ల నీడన కూర్చోబెట్టడం మేలు. మేం అదే చేశాం.

గైడు పదే పదే ఒకటే మాట. గోడల్ని ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటితే రాయి పెరగడం ఆగిపోతుంది. చిన్నోడు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని మెట్లు దిగబోతే నేనే తీయించాను.

గుహల కంటే వాళ్ళకి ఎక్కువ నచ్చింది బయట ఉన్న నీటి తొట్టి. ఇసుక సంచి కొనిస్తే, దాన్ని జల్లెడలో పోసి పారే నీళ్ళలో కడగాలి. రంగురాళ్ళు మిగులుతాయి. ముందే కలిపి పెట్టినవేనని పెద్దదానికి తెలుసు, అయినా వెతికింది. సంచి ధర చూస్తే మాత్రం అమెజాన్‌లో కిలో రాళ్ళు వస్తాయనిపించింది. మా ఆయన ఆ మాట పైకే అన్నారు. నేను కాలు తొక్కాను.

మంగళవారం: శాన్ ఆంటోనియో

ఈ వారంలో ఒక్క రోజే మళ్ళీ గడపమంటే నేను ఈ రోజునే అడుగుతాను.

పొద్దున్నే అలమో చూశాం. 1836లో 13 రోజుల ముట్టడి తర్వాత మార్చి 6న మెక్సికో సైన్యం చేతికి చిక్కిన కోట. టెక్సస్ చరిత్ర పాఠంలో ఉంటుంది కాబట్టి పెద్దది తప్పదంది. చర్చి లోపలికి టికెట్టు ఉచితమే, కానీ వేళ చూసుకుని ముందే తీసుకోవాలి. స్ప్రింగ్ బ్రేక్‌లో ఇసుక వేస్తే రాలని జనం. ఆరేళ్ళవాడికి అక్కడ చెయ్యడానికి ఏమీ లేదు, ఫిరంగి చుట్టూ తిరగడం తప్ప. నా మటుకు నాకు, పదేళ్ళ లోపు పిల్లలున్నవాళ్ళు అలమోని పైపైన చూసి దక్షిణంగా మిగతా మిషన్ల వైపు వెళ్ళడం మంచిది.

శాన్ ఆంటోనియో నది వెంట స్పానిష్ మతగురువులు 18వ శతాబ్దంలో కట్టిన మిషన్లు, అంటే చర్చి చుట్టూ ప్రహరీ ఉన్న మత స్థావరాలు, అయిదు. అలమో అందులో మొదటిది. మిగతా నాలుగూ నేషనల్ పార్కు కింద ఉన్నాయి, ప్రవేశ రుసుము లేదు. 2015లో అయిదింటికీ కలిపి యునెస్కో గుర్తింపు వచ్చింది. మళ్ళీ జూనియర్ రేంజర్ పుస్తకాలు! పిల్లలకి ఈ పాటికి విద్య వచ్చేసింది, కారు ఆగకముందే పెన్సిళ్ళు తీశారు.

1720లో మొదలైన సాన్ హోసే మిషన్ అన్నిటికంటే పెద్దది. ప్రహరీ గోడలోనే వరసగా గదులు, అందులో ఇక్కడి ఆదివాసులు కాపురాలుండేవారు. పుస్తకంలో ఒక ప్రశ్న: ఈ గదిలో నువ్వు ఉంటే పొద్దున్న లేవగానే ఏం పని చేసేవాడివి? చిన్నోడు గదిలో నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని చాలాసేపు ఆలోచించి, 'గంట కొడతాను' అని రాశాడు. గోడ బయట నీటితో తిరిగే పాత పిండిమర ఉంది. పెద్దది దాని బొమ్మ గీసింది, నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో బాణం గుర్తులతో సహా. ఆ బాణాలే మమ్మల్ని ఇంకో చోటికి తీసుకెళ్ళాయి. "అమ్మా, ఈ నీళ్ళు అసలు ఎక్కడివి?"

వానలు నమ్మకం లేని ఈ నేలలో ప్రతి మిషన్‌కీ నది నుంచి పంట కాలువ తవ్వారు. స్పానిష్‌లో అసేకియా. ఎస్పాడా మిషన్ కాలువ మధ్యలో పియెద్రాస్ వాగు అడ్డొచ్చింది. దాని మీద రాతి కమానులు కట్టి, వాగు కింద నుంచి, కాలువ పైనుంచి పోయేలా చేశారు. 1740ల నాటి పని. ఇప్పటికీ నీళ్ళు పారుతున్నాయి.

అప్పటిదాకా గొడుగు పట్టుకుని వెనకాల నెమ్మదిగా వస్తున్న అత్తయ్య గారు అక్కడ టక్కున ఆగిపోయారు.

"ఇది మన గన్నవరం అక్విడెక్టే కదండీ!"

కోనసీమ తెలిసినవాళ్ళకి విప్పి చెప్పక్కర్లేదు. పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీదుగా కాలువని అవతలి లంకకి దాటించే వంతెన. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన 1850ల కాలంలోనే అది లేచింది. ఇప్పుడు పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అత్తయ్య గారి పుట్టిల్లు ఆ కాలువ తడిపే ఊళ్ళలోనే. కొత్త పెళ్ళికూతురుగా అమలాపురం వచ్చినప్పుడు ఆ వంతెన మీద నుంచే వచ్చారట.

వారంలో మొదటిసారి నానమ్మే గైడయ్యారు. లాకులు ఎందుకుంటాయి, కాలువ కట్టేసే రోజులు ఎప్పుడు, చివరి పొలానికి నీళ్ళు అందకపోతే ఎలాంటి తగువులొస్తాయి. పెద్దది తన పుస్తకంలో ఖాళీ పేజీ వెతుక్కుని 'గన్నవరం' అని తెలుగులో రాయించుకుంది. "ఇక్కడివాళ్ళు ఎలా పంచుకునేవారు నానమ్మా?" అంటే, "ఎక్కడైనా ఒకటే తల్లీ, వంతులేసుకుంటారు" అన్నారు. తర్వాత రేంజరుని అడిగితే ఆయనా అదే చెప్పాడు. ఏ పొలానికి ఎన్ని రోజుల నీళ్ళో అప్పట్లో వాటా కట్టేవారట.

సాయంత్రం రివర్ వాక్‌లో పడవ ఎక్కాం. 1921 వరదల్లో ఊరు మునిగాక ఈ నదీ పాయని పూడ్చేయాలన్నవాళ్ళూ ఉన్నారని పడవ నడిపే అమ్మాయి చెప్పింది. పూడ్చకపోబట్టి ఇప్పుడు ఒడ్డున ఇన్ని హోటళ్ళు. బాతులు బాగున్నాయి. భోజనం బాగా ఖరీదు.

బుధవారం: వాన

వాన పట్టుకుంది. డూసియం అనే పిల్లల మ్యూజియంకి వెళ్ళాం, ఊళ్ళో సగం మంది తల్లిదండ్రులకి అదే ఆలోచన వచ్చినట్టుంది. అక్కడ గూఢచారుల అకాడమీ అని ఒకటి ఉంది, లెక్కలూ చిక్కుముళ్ళూ విప్పుతూ పోవాలి. పెద్దదాన్ని అందులో వదిలి, చిన్నోణ్ణి బుల్లి ఊళ్ళో వదిలాం. మూడు గంటలు ఎవరూ నన్ను పిలవలేదు. మధ్యాహ్నం ఐ-10 ఎక్కి 200 మైళ్ళు వానలోనే హ్యూస్టన్. రాత్రి కుక్కరులో అన్నం, ఆవకాయ, నెయ్యి.

గురువారం: స్పేస్ సెంటర్

ఖర్చు ఎక్కువైన రోజు ఇదే. అయినా దండగ అనను. స్ప్రింగ్ బ్రేక్‌లో వెళ్ళేవాళ్ళు తలుపులు తీసే వేళకే ఉండాలి, ట్రామ్ వేళలు ముందు పట్టుకోవాలి, మిగతావన్నీ తర్వాత.

ట్రామ్ జాన్సన్ స్పేస్ సెంటర్ ఆవరణలోకి తీసుకెళ్తుంది. దారిలో పొడుగు కొమ్ముల లాంగ్‌హార్న్ ఆవులు మేస్తుంటాయి, బడి పిల్లలు పెంచేవి. నాసాలో ఆవులేంటని చిన్నోడి మొదటి అనుమానం. రాకెట్ పార్కులో సాటర్న్ 5ని అడ్డంగా పడుకోబెట్టారు. 363 అడుగులు. లోకంలో ఇలాంటివి మూడే మిగిలాయి. ఆ చివర నుంచి ఈ చివరకి ఎన్ని అడుగులేస్తే వస్తుందో కొలవమంటే ఇద్దరూ మూడుసార్లు నడిచి మూడు లెక్కలు చెప్పారు.

1969లో చంద్రుడి మీద దిగినప్పటి మిషన్ కంట్రోల్ గదిని 2019లో అచ్చం నాటి రూపానికి తెచ్చారు. దానికి విడిగా టికెట్టు, మెట్లు కూడా ఎక్కువే. మా ఆయన వాళ్ళమ్మతో, చిన్నోడితో కింద ఉండిపోతే నేనూ పెద్దదీ వెళ్ళాం. బల్లల మీద కాఫీ కప్పులు, ఫైళ్ళు, సిగరెట్ పెట్టెలు అలాగే. "అమ్మా, ఆ గాజు గిన్నెలేంటి?" అంది. యాష్ ట్రే అంటే ఏంటో ఈ తరానికి తెలియదు, చెప్పాల్సొచ్చింది. అంతమంది సిగరెట్లు తాగుతూ రాకెట్లు నడిపారన్న సంగతే దానికి చంద్రుడి కంటే వింతగా తోచింది.

తిరిగి వచ్చేటప్పుడు ట్రామ్ ఓ చెట్ల తోపు పక్కనుంచి పోతుంది. చనిపోయిన వ్యోమగాముల పేరున నాటిన చెట్లు. కల్పనా చావ్లా మా పక్క ఊరు ఆర్లింగ్టన్‌లోనే చదువుకుంది, 1984లో అక్కడ ఎంఎస్ చేసింది. 2003 ఫిబ్రవరి 1న ఆమె ఉన్న కొలంబియా అంతరిక్ష నౌక విరిగిపడింది కూడా ఈ టెక్సస్ ఆకాశంలోనే. పిల్లలకి ఎంత చెప్పాలో తేల్చుకునేలోపే పెద్దది, "స్కూల్లో చెప్పారు" అంది. చీరాలలో పుట్టి ఇదే హ్యూస్టన్‌లో పెరిగిన శిరీష బండ్ల 2021లో అంతరిక్షం అంచుకి వెళ్ళొచ్చిన సంగతి మాత్రం దానికి తెలియదు. అది నానమ్మ చెప్పారు. టీవీలో చూశారట.

శుక్రవారం: గాల్వెస్టన్

హ్యూస్టన్ నుంచి గంట. ఇక్కడి సముద్రం నీలంగా ఉండదు, నదుల బురదతో గోధుమరంగు. ఫోటోలు చూసి వెళ్ళేవాళ్ళు నిరాశపడతారు. ఇసుక గూళ్ళు కట్టేవాళ్ళు పడరు.

గాల్వెస్టన్ నుంచి బొలీవర్ దాకా రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఫెర్రీ ఉంది, పైసా తీసుకోరు. కార్ల వరుస మైలు దూరం ఉంటే, మేం కారు ఒడ్డున పెట్టి నడిచి ఎక్కేశాం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వెళ్ళిన అత్తయ్య గారికి ఇదేం కొత్త కాదు. రెయిలింగ్ పట్టుకుని ధీమాగా నిలబడ్డారు. సగం దారిలో డాల్ఫిన్లు లేచాయి. పెలికాన్‌లు పక్కనే ఎగురుతూ వచ్చాయి. ఇరవై నిమిషాలు కూడా పట్టదు, కాబట్టి అవతల దిగి మళ్ళీ ఎక్కాం. ఈ వారంలో ఖర్చు లేని సరదా ఇదొక్కటే చాలు.

మధ్యాహ్నం సముద్రపు గోడ మీద కూర్చున్నాం. 1900 సెప్టెంబర్ 8న వచ్చిన తుఫానులో ఈ ఊళ్ళో కనీసం 6,000 మంది పోయారు. ఆ తర్వాతే ఈ గోడ కట్టారు. ఇంకా ఆశ్చర్యం, రెండు వేలకు పైగా కట్టడాల్ని జాకీలతో పైకెత్తి, కింద ఇసుక నింపి ఊరి నేలమట్టమే పెంచారు. చర్చిల్ని కూడా లేపారు. కారు టైరు మార్చేటప్పుడు జాకీ చూసిన చిన్నోడు దీన్ని అస్సలు నమ్మలేదు.

అత్తయ్య గారు 1996 నవంబరు తుఫాను గురించి చెప్పారు. రాత్రి తలుపుకి అడ్డంగా మంచం వేసి అందరూ పట్టుకుని నిలబడ్డారట. తెల్లారి చూస్తే తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్టు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. "నాన్న అప్పుడు ఎక్కడున్నాడు?" అని పెద్దది అడిగింది. మా ఆయన తల తిప్పి, "మంచం పట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి" అన్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళకి నేనూ అప్పుడే విన్నాను.

శనివారం: ఇంటికి

పియర్‌లాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడి చూసుకుని ఐ-45 ఎక్కాం. మాడిసన్‌విల్‌లో మళ్ళీ బకీస్, చిన్నోడి పట్టు. హ్యూస్టన్ దాటాక రోడ్డు పక్కన అక్కడక్కడా బ్లూబానెట్ పూలు నీలంగా మొదలయ్యాయి, పైకి వెళ్ళేకొద్దీ తగ్గిపోయాయి. ఎన్నిస్ దగ్గర ఒక్కటీ లేదు. అక్కడ ఏప్రిల్‌లో పూస్తాయి, నెలంతా పూల దారులకి బోర్డులు పెడతారు. డల్లాస్ నుంచి ముప్పావు గంట దూరమే కాబట్టి సెలవులు అక్కర్లేదు, ఒక ఆదివారం పూట చాలు. అత్తయ్య గారి తిరుగు టికెట్టు ఏప్రిల్ నెలాఖరుకి ఉంది. రెండో ఆదివారం అనుకుంటున్నాం.